కంట్లో పెట్టే అద్దం... ఏది మేలు?

కోనసీమలో పెద్దవాళ్లున్న ఇళ్లలో తరచూ నడిచే చర్చ ఒకటుంది. నాన్నగారికో, అమ్మగారికో కంట్లో శుక్లం వచ్చిందని డాక్టరు చెబుతారు. ఆపరేషన్‌కు ఇంటిల్లిపాదీ సిద్ధమే. తేలనిదల్లా లోపల పెట్టే లెన్స్ సంగతే. ఆస్పత్రిలో ఒక కాగితం చేతికిస్తారు. అందులో నాలుగైదు వరసలు, ఒక్కో వరసకూ ఒక్కో రేటు. గట్టి లెన్స్, మడత లెన్స్, టోరిక్, మల్టీఫోకల్... పై వరసకూ కింది వరసకూ తేడా ఒక్కోసారి కొబ్బరితోట ఏడాది ఆదాయమంత ఉంటుంది.

"ఖరీదైందే వెయ్యమనండి, డబ్బు సంగతి నేను చూసుకుంటాను" అంటాడు కువైట్ నుంచో, హైదరాబాద్ నుంచో ఫోన్లో కొడుకు. "ఎందుకు నాన్నా అంత డబ్బు? ఉచితంగా వేసేదే వేయించుకుంటాను. ఇంకెన్నాళ్లు బతుకుతాను కనక" అంటుంది తల్లి. "ఆయ్, ఫ్రీ అద్దం రెండు మూడేళ్లకే మసకబారిపోద్దంటండీ. మా పక్కింటాయనకి అలాగే అయ్యింది" అని పరామర్శకు వచ్చిన చుట్టం ఓ మాట వేస్తాడు.

ముగ్గురూ ప్రేమతోనే మాట్లాడారు. కానీ ముగ్గురూ ధర గురించే మాట్లాడారు. తెల్లారి లేచింది మొదలు ఆవిడ ఏ పని చేస్తుంది, ఏది చూడలేక ఇబ్బంది పడుతోంది అని ఎవరూ అడగలేదు. లెన్స్ ఎంపిక మొదలు కావలసింది అక్కడే. ఆవిడ ఇంట్లో బియ్యం ఏరుతుందా, మగ్గం మీద కూర్చుంటుందా, సాయంత్రం కాలవ గట్టు మీద నడిచి గుడికో ప్రార్థనకో వెళుతుందా? వీటికి జవాబు దొరికితే కాగితం మీది సగం వరసలు వాటంతట అవే కొట్టుకుపోతాయి.

సోడాబుడ్డి రోజులు

కంట్లో నల్లగుడ్డు వెనక, కనుపాపకు ఆనుకుని సహజమైన కటకం ఒకటి ఉంటుంది. పుట్టినప్పుడు స్వచ్ఛమైన గాజులా ఉండే ఈ కటకం వయసుతోపాటు పసుపు పచ్చగా, తర్వాత మసగ్గా మారుతుంది. అదే శుక్లం. షుగర్ ఉన్నవాళ్లకు, పొగ తాగేవాళ్లకు, స్టెరాయిడ్ మందులు ఎక్కువ కాలం వాడినవాళ్లకు, ఏళ్ల తరబడి ఎండలో పని చేసినవాళ్లకు ఇది త్వరగా రావచ్చు. చుక్కల మందుతో శుక్లం కరిగిపోతుందని చెప్పేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. అలా కరిగించే మందు ఏదీ ఇంతవరకు రుజువు కాలేదు. మసకబారిన కటకాన్ని తీసెయ్యడమే మార్గం.

తీసెయ్యడం పాత విద్యే. సుశ్రుతుడి కాలంలోనే మన దేశంలో శుక్లాన్ని సూదితో పక్కకు నెట్టే పద్ధతి ఉండేది. అసలు చిక్కు ఆ తర్వాతే. కటకం పోయిన కంటికి వెలుగు కనిపిస్తుంది కానీ రూపం కుదరదు. అందుకే ఒకప్పుడు ఆపరేషన్ అయినవాళ్లు సీసా అడుగులాంటి మందపాటి కళ్లద్దాలు పెట్టుకునేవారు. సోడాబుడ్డి అద్దాలని పిల్లలు వేళాకోళం చేసేది వాటినే. వాటిలోంచి చూస్తే వస్తువులు పెద్దవిగా, దగ్గరగా కనిపించేవి. మెట్టు ఎక్కడుందో అంచనా తప్పేది. పక్కనుంచి వచ్చే సైకిలు ఉన్నట్టుండి ఊడిపడినట్టు కనిపించేది. ఆ అద్దం పగిలినా, పోయినా మనిషి మళ్లీ గుడ్డివాడే.

1996 నుంచి 2000 వరకు హైదరాబాద్‌లోని ఎల్.వి.ప్రసాద్ కంటి వైద్య విజ్ఞాన సంస్థ ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద సర్వే ఒకటి చేసింది. హైదరాబాద్, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్‌లతో పాటు కోనసీమకు గోదావరి అవతలి ఒడ్డునే ఉన్న పశ్చిమ గోదావరి జిల్లాను కూడా అందుకు ఎంచుకుంది. పది వేల మందికి పైగా కళ్లు పరీక్షించారు. అంధత్వం 1.84 శాతం మందిలో ఉందనీ, అందులో దాదాపు 44 శాతానికి కారణం శుక్లమేననీ తేలింది. అంటే చూపు పోయిన ప్రతి పదిమందిలో నలుగురైదుగురు ఒక్క ఆపరేషన్‌తో బాగుపడదగ్గవాళ్లే.

విమానం అద్దం నేర్పిన పాఠం

కంటి లోపలే అద్దం పెట్టవచ్చన్న ఆలోచన యుద్ధంలోంచి పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో దెబ్బతిన్న బ్రిటిష్ పైలట్లకు హెరాల్డ్ రిడ్లీ అనే కంటి వైద్యుడు చికిత్స చేసేవాడు. విమానం పైకప్పు పగిలి, దాని ప్లాస్టిక్ ముక్కలు కొందరి కళ్లలో దిగబడ్డాయి. మామూలుగా కంట్లో పరాయి వస్తువేది పడినా కన్ను వాచి, ఎర్రబడి, చీము పడుతుంది. ఈ ముక్కల విషయంలో అలా జరగలేదు. కన్ను వాటిని ఓర్చుకుంది. ఆ ప్లాస్టిక్ పేరు పీఎంఎంఏ. పెర్స్‌పెక్స్ అనే పేరుతో అమ్మేవారు.

'తీసేసిన కటకం స్థానంలో కొత్తది పెట్టరా?' అని ఒక వైద్య విద్యార్థి అడిగిన ప్రశ్న రిడ్లీ మనసులో ఉన్న ఆలోచనను మళ్లీ కదిలించింది. 1949 నవంబర్ 29న లండన్‌లోని సెయింట్ థామస్ ఆస్పత్రిలో ఆయన ఒక మహిళ కంట్లో ఆ ప్లాస్టిక్‌తో చేసిన లెన్స్‌ను అమర్చాడు. తోటి వైద్యుల్లో చాలామంది మండిపడ్డారు. కంట్లోంచి పరాయి వస్తువును తీయాల్సిన వైద్యుడు లోపల పెట్టడమేమిటన్నది వాళ్ల వాదన. ఏళ్లు గడిచాక ప్రపంచమంతా ఆయన దారికే వచ్చింది. 2000లో ఆయనకు 'సర్' బిరుదు దక్కింది. 2001లో చనిపోయేనాటికి ఆయన రెండు కళ్లలోనూ ఆయన కనిపెట్టిన తరహా లెన్సులే ఉన్నాయి.

ఈ కథలో కోనసీమ కుటుంబాలకు పనికొచ్చే సంగతి ఒకటుంది. రిడ్లీ మొదటి రోగికి పెట్టిన లెన్స్ కంట్లో కుదురుకుంది. కానీ దాని పవర్ లెక్క తప్పింది. ఆపరేషన్ తర్వాత ఆమెకు దూరపు చూపు ఆనకుండా తీవ్రమైన మైనస్ పవర్ మిగిలింది. ఎంత గొప్ప లెన్సయినా ఆ కంటికి తగిన పవర్ కాకపోతే ప్రయోజనం లేదని మొదటి రోజే తేలిపోయింది. దీని గురించి కాస్త తర్వాత చెప్పుకుందాం.

పేదవాడి కంటికీ లెన్స్

1980లలో ఈ లెన్సులు మన దేశానికి రావడం మొదలైంది. విదేశీ లెన్స్ ఒక్కోటి వంద డాలర్ల పైమాటే. ఉచిత శిబిరాల్లో ఆపరేషన్ చేయించుకునే పేదలకు సోడాబుడ్డి అద్దాలే గతి. ఈ తేడా భరించలేకపోయిన మదురైలోని అరవింద్ కంటి ఆస్పత్రి తానే లెన్సుల తయారీకి దిగింది. 1976లో పదకొండు పడకలతో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి మొదలుపెట్టిన ఆస్పత్రి అది. 1992లో అక్కడ పుట్టిన అరోల్యాబ్ లెన్స్ ధరను పది డాలర్ల దగ్గరకు దించింది. తర్వాత ఇంకా తగ్గించింది. ఇప్పుడు వందకు పైగా దేశాలకు మదురై లెన్సులు వెళుతున్నాయి. ఉచిత లెన్స్ అనగానే నాసిరకమని ముఖం చిట్లించేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

గోదావరి జిల్లాలకు ఈ వెలుగు చేరడం వెనక ఒక విషాదం ఉంది. 1985 జూన్ 23న ఎయిర్ ఇండియా కనిష్క విమానం ఐర్లండ్ తీరం దగ్గర ఆకాశంలోనే బాంబు పేలి కూలిపోయింది. 329 మంది చనిపోయారు. వాళ్లలో కెనడాలో స్థిరపడిన తెలుగు శాస్త్రవేత్త డాక్టర్ సంకురాత్రి చంద్రశేఖర్ భార్య మంజరి, కొడుకు శ్రీకిరణ్, కూతురు శారద ఉన్నారు. మూడేళ్ల తర్వాత ఆయన ఉద్యోగం వదిలి కాకినాడ ప్రాంతానికి వచ్చేశారు. కూతురి పేరుతో బడి, కొడుకు పేరుతో కంటి ఆస్పత్రి పెట్టారు. 1993లో మొదలైన శ్రీకిరణ్ కంటి ఆస్పత్రి ఊళ్లలో శిబిరాలు నడుపుతూ, శుక్లం ఉన్నవాళ్లను తీసుకొచ్చి ఆపరేషన్ చేసి పంపుతూ వచ్చింది. అందులో ఎక్కువ భాగం ఉచితమే. 2023లో కేంద్ర ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది.

ఎదుర్లంక దగ్గర పంటు ఎక్కి గౌతమి దాటి కాకినాడ వెళ్లే రోజుల్లో కళ్లు కనిపించని పెద్దవాళ్లను అంతదూరం తీసుకెళ్లడమే ఒక ప్రయాస. 2002లో యానాం-ఎదుర్లంక వంతెన వచ్చాక ఆ ప్రయాస తగ్గింది. కాకినాడ దగ్గరయ్యింది. అమలాపురంలో 2005లో వైద్య కళాశాల వచ్చింది. ఇప్పుడు ఆపరేషన్‌కు ఎక్కడికెళ్లాలన్నది పెద్ద బెంగ కాదు. ఏ లెన్స్ వేయించుకోవాలన్నదే బెంగ.

కాగితం మీద ఉన్నవి ఏమిటి?

గట్టి లెన్స్: రిడ్లీ వాడిన పీఎంఎంఏ రకమే. మడవడానికి వీల్లేదు కాబట్టి దాదాపు 6 మిల్లీమీటర్ల గాటు కావాలి. సాధారణంగా కుట్లు పడవు. గాటు దానంతటదే మూసుకుపోయేలా కోస్తారు. ఉచిత శిబిరాల్లో ఎక్కువగా వేసేది ఇదే.

మడత లెన్స్: మెత్తటి యాక్రిలిక్‌తో చేస్తారు. మూడు మిల్లీమీటర్ల లోపు గాటులోంచి చుట్టి లోపలికి పంపితే అక్కడ విచ్చుకుంటుంది. 1967లో అమెరికన్ వైద్యుడు చార్లెస్ కెల్మన్ కనిపెట్టిన ఫేకో పద్ధతితో కలిపి దీన్ని వాడతారు. పళ్లు శుభ్రం చేసే పరికరం చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చింది. మనవాళ్లు దీన్ని 'లేజర్ ఆపరేషన్' అంటారు. నిజానికి అందులో పనిచేసేది లేజర్ కాదు, శబ్ద తరంగాలు. గాయం చిన్నది కాబట్టి త్వరగా కోలుకుంటారు. గాటు వల్ల వచ్చే సిలిండర్ పవర్ తక్కువగా ఉంటుంది.

మోనోఫోకల్: గట్టిదైనా, మడతదైనా ఒకే దూరానికి చూపు ఇచ్చే లెన్స్. మామూలుగా దూరానికి సరిచేస్తారు. చదవడానికి, సూదిలో దారం ఎక్కించడానికి కళ్లద్దాలు కావాలి. ప్రపంచంలో ఎక్కువమంది కళ్లలో ఉన్నది ఇదే. ఉన్నంతలో చూపును అత్యంత స్పష్టంగా, రాత్రి పూట కూడా శుభ్రంగా ఇచ్చేదీ ఇదే.

టోరిక్: నల్లగుడ్డు వంపు సమంగా లేక సిలిండర్ పవర్ ఉన్నవాళ్లకు. సిలిండర్ దాదాపు ఒక డయాప్టర్ దాటితే దీని గురించి ఆలోచించవచ్చు. దీన్ని సరైన కోణంలో అమర్చాలి. ఒక్క డిగ్రీ పక్కకు తిరిగితే మూడు శాతానికి పైగా ప్రయోజనం పోతుంది. 30 డిగ్రీలు తిరిగితే వేసి కూడా లాభం లేదు.

మల్టీఫోకల్, ట్రైఫోకల్: దూరం, మధ్య దూరం, దగ్గర... అన్నిటికీ చూపు ఇవ్వాలని చేసినవి. లోపలికొచ్చే వెలుతురును పంచి వేర్వేరు దూరాలకు సర్దుతాయి. కళ్లద్దాల అవసరం బాగా తగ్గుతుంది. అయితే పంచుకున్న వెలుతురు కాబట్టి మసక చీకట్లో స్పష్టత కాస్త తగ్గుతుంది. రాత్రి ఎదురొచ్చే లైట్ల చుట్టూ వలయాలు కనిపించవచ్చు. చాలామందికి కొన్ని నెలల్లో అలవాటవుతుంది. కొందరికి కాదు.

ఈడాఫ్: మోనోఫోకల్‌కూ మల్టీఫోకల్‌కూ మధ్యస్థం. దూరం, చేయి చాచినంత దూరం బాగుంటాయి. చిన్న అక్షరాలకు కళ్లద్దం కావాల్సి రావచ్చు. వలయాలు సాధారణంగా తక్కువ.

ఇవి కాక పసుపు రంగు లెన్సులున్నాయి. నీలి కాంతిని ఆపి రెటీనాను కాపాడతాయని చెబుతారు. అలా కాపాడుతున్నట్టు పరిశోధనల్లో రుజువు కాలేదు. వేసుకుంటే నష్టమేమీ లేదు, దానికోసమని అదనంగా డబ్బు పోయాల్సిన పనీ లేదు.

మరి ఉచిత లెన్స్, ఖరీదైన లెన్స్ తేడా ఎంత? నేపాల్‌లో శుక్లం బాగా ముదిరిన 108 మంది మీద ఒక అధ్యయనం జరిగింది. సగం మందికి చిన్న గాటు పద్ధతిలో, మిగతా సగానికి ఫేకో పద్ధతిలో ఆపరేషన్ చేశారు. ఫలితాలు 2007లో వచ్చాయి. ఆరు నెలల తర్వాత చూస్తే రెండు వర్గాల్లోనూ 98 శాతం మందికి కళ్లద్దం సరిచేశాక మంచి చూపు వచ్చింది. చిన్న గాటు పద్ధతి త్వరగా అయింది, ఖర్చూ తక్కువైంది. అనుభవమున్న చేయి చేస్తే గట్టి లెన్స్‌తోనూ చూపుకు లోటు రాదన్నమాట.

ఎవరి పనికి ఏది?

బండారులంకలో మగ్గం మీద కూర్చునే మనిషిని తీసుకోండి. ఆయనకు కావలసిన లోకం రెండడుగుల దూరంలో ఉంటుంది. పోగు తెగితే కనబడాలి, అతకాలి. అందరికీ వేసినట్టే ఆయనకూ దూరానికి సరిచేసిన లెన్స్ వేస్తే వీధి చివర ఆటో నంబరు కనిపిస్తుంది, చేతిలో పోగు కనిపించదు. ఆయనకు కావాలంటే మోనోఫోకల్ లెన్స్‌నే మధ్య దూరానికి సరిచేసి పెట్టవచ్చు. ఉదాహరణకు మైనస్ 2 డయాప్టర్లు మిగిలేలా లెక్క వేస్తే అర మీటరు దూరంలో వస్తువు కళ్లద్దం లేకుండా స్పష్టంగా కనిపిస్తుంది. బయటికెళ్లేటప్పుడు కళ్లద్దం పెట్టుకోవాలి. దీనికి ఒక్క రూపాయి అదనపు ఖర్చు లేదు. డాక్టరుకు ముందుగా చెప్పడమొక్కటే కావాలి.

ఆత్రేయపురంలో పూతరేకులు తీసే ఆడవాళ్ల సంగతీ అంతే. బోర్లించిన వేడి కుండ మీద పిండిలో ముంచిన గుడ్డను లాగితే రేకు వస్తుంది. పల్చగా వచ్చిందా, చిల్లు పడిందా అని చూసుకోవాల్సింది చేయి చాచినంత దూరంలోనే.

కొబ్బరి దింపు తీసే మనిషికి ఇందుకు పూర్తిగా భిన్నం. ఏ గెల కోయాలో కింది నుంచే ఆనాలి. చెట్టు మీద ఎక్కిన ఎత్తు, పట్టు సరిగ్గా అంచనా తెలియాలి. ఆయనకు దూరానికి సరిచేసిన మోనోఫోకల్ చక్కగా సరిపోతుంది. లావాదేవీల కాగితం చూడాల్సి వస్తే జేబులో చదువుకునే అద్దం ఉంటే చాలు. ఆపరేషన్ తర్వాత మళ్లీ ఎప్పుడు చెట్టెక్కాలో మాత్రం డాక్టరునే అడగాలి.

రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలా ఉండేవాళ్లు, రావులపాలెం వైపు రాత్రిళ్లు లారీ, ఆటో నడిపేవాళ్లు మల్టీఫోకల్ విషయంలో ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. పక్కన కాలవ, ఎదురుగా కళ్లలో కొట్టే లైటు. దాని చుట్టూ వలయాలు కూడా తోడైతే ఇరుకు గట్టు మీద ప్రమాదమే. వీళ్లకు మోనోఫోకల్ భద్రం.

చిన్నప్పటి నుంచి మైనస్ పవర్ ఉండి, కళ్లద్దం తీసేసి దినపత్రిక చదువుకోవడం అలవాటైన మాస్టారు ఉంటారు. ఆయనకు దూరపు చూపు ఇచ్చి దగ్గరి చూపు తీసేస్తే, ఆపరేషన్ బాగా జరిగినా ఆయనకు మాత్రం ఏదో పోగొట్టుకున్నట్టే ఉంటుంది. అలాంటివాళ్లకు పాత అలవాటు ప్రకారం దగ్గరి చూపు ఉంచడమే మంచిది.

రెండూ కావాలనుకునేవాళ్లకు ఖర్చులేని మార్గం ఇంకొకటి ఉంది. ఒక కంటిని దూరానికి, రెండో కంటిని దగ్గరకు సరిచేయడం. మోనోవిజన్ అంటారు. మెదడు దేనికి కావలసిన కంటిని దానికి వాడుకుంటుంది. ఇది అందరికీ పడదు. ముందుగా కాంటాక్ట్ లెన్స్‌తోనో, కళ్లద్దాలతోనో ప్రయత్నించి చూసి నిర్ణయించుకోవచ్చు.

మల్టీఫోకల్ ఎవరికి? రెండు కళ్లూ శుక్లం తప్ప మిగతా విధాలా ఆరోగ్యంగా ఉండి, కళ్లద్దం అంటేనే గిట్టక, పగటి పనులే ఎక్కువగా ఉండి, రాత్రి వలయాల సంగతి తెలిసీ సరేననేవాళ్లకు. ఖర్చు భరించగలిగితే ఇలాంటివాళ్లు దానితో హాయిగా ఉంటారు.

ఖరీదైనది వద్దనాల్సిన సందర్భాలు

షుగర్ వల్ల రెటీనా దెబ్బతిన్నవాళ్లకు, నీటికాసుల జబ్బుతో కంటినరం బలహీనపడినవాళ్లకు, వయసుతో మాక్యులా అరిగినవాళ్లకు, నల్లగుడ్డు మీద మచ్చ ఉన్నవాళ్లకు మల్టీఫోకల్ సాధారణంగా తగదు. వాళ్ల కళ్లకు దొరికే స్పష్టతే కొంచెం. దాన్ని ముక్కలుగా పంచితే మిగిలేది ఇంకా తక్కువ. 'డబ్బు పోతే పోయింది, అమ్మకు బెస్ట్ వేయించాను' అనుకున్న కొడుకుకు చివరకు అమ్మ నోటి నుంచి 'అంతా మంచుపట్టినట్టుంది నాన్నా' అనే మాట వినిపిస్తుంది. తప్పు లెన్స్‌ది కాదు, ఎంపికది. అందుకే లెన్స్ సంగతి తేల్చకముందే రెటీనా పరీక్ష, కంటి ఒత్తిడి పరీక్ష చేయించాలి. ఆ ఫలితం చూశాకే రేట్ల కాగితం చూడాలి.

కొలత సరిగ్గా ఉంటేనే

కంట్లో పెట్టే లెన్స్ పవర్ ఎంతుండాలో తేల్చడానికి రెండు కొలతలు ముఖ్యం. కనుగుడ్డు పొడవు, నల్లగుడ్డు వంపు. దీన్ని బయోమెట్రీ అంటారు. కనుగుడ్డు పొడవులో ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే చూపులో రెండున్నర నుంచి మూడు డయాప్టర్ల తేడా పడుతుంది. రిడ్లీ తొలి రోగికి ఎదురైన కష్టం అలాంటిదే. ఖరీదైన లెన్స్‌కు తప్పుడు కొలత కంటే మామూలు లెన్స్‌కు సరైన కొలత ఎన్నో రెట్లు నయం. కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్లు కొలతకు ముందు కొన్నాళ్లు వాటిని ఆపాలి. ఎన్నాళ్లో డాక్టరు చెబుతారు. గతంలో కళ్లద్దాలు పోవడానికి లేసిక్ చేయించుకున్నవాళ్లు ఆ మాట తప్పకుండా చెప్పాలి, లేదంటే లెక్క తప్పుతుంది.

మగవాళ్లు ఇంకో సంగతి దాచకూడదు. ప్రోస్టేట్ సమస్యకు టామ్సులోసిన్ లాంటి మాత్ర వాడుతుంటే, ఎప్పుడో వాడి మానేసినా సరే, ఆపరేషన్‌కు ముందు చెప్పాలి. ఆ మందు వల్ల ఆపరేషన్ మధ్యలో కనుపాప ముడుచుకుపోయే అవకాశం ఉందని 2005లో వైద్యులు గుర్తించారు. ముందే తెలిస్తే డాక్టరు జాగ్రత్త పడతారు.

చుట్టాలు చెప్పే మాటలు

'శుక్లం ముదిరాక చేయించుకోవాలి.' ఇది పాత పద్ధతి నాటి మాట. ఇప్పుడు రోజువారీ పనికి అడ్డం వస్తే చాలు, చేయించుకోవచ్చు. మరీ ముదిరితే గట్టిపడి ఆపరేషన్ కష్టమవుతుంది. కొందరికి కంటి ఒత్తిడి పెరిగి చూపుకే ముప్పు రావచ్చు.

'ఎండాకాలంలో చేయించుకోకూడదు.' కాలంతో పని లేదు. శుభ్రతతోనే పని. గాయం మానేదాకా కాలవ స్నానం, చెరువు నీళ్లు, మురికి చేతులు కంటికి తగలకూడదు. కార్తీక స్నానాలు తప్పనిసరి అనుకునేవాళ్లు ఆపరేషన్ తేదీని దానికి తగ్గట్టు పెట్టుకోవడం మంచిది.

'ఫ్రీ లెన్స్ మసకబారుతుంది.' పక్కింటాయనకు జరిగింది వేరు. లెన్స్ పెట్టిన పల్చటి సంచీ వెనక పొర కొన్నాళ్లకు మందం కావచ్చు. ఇది ఖరీదైన లెన్స్ వేయించుకున్నవాళ్లకూ వస్తుంది. అంచు చదరంగా ఉండే కొన్ని రకాల్లో కాస్త తక్కువ. యాగ్ లేజర్‌తో కొద్ది నిమిషాల్లో ఆ పొరకు దారి చేస్తే చూపు మళ్లీ తేటపడుతుంది. కోత లేదు, ఆస్పత్రిలో పడుకోనక్కర్లేదు. లెన్స్ మాత్రం జీవితాంతం ఉంటుంది. అది అరిగిపోదు, పదేళ్లకోసారి మార్చే పనీ లేదు.

సంతకం చేసేముందు

ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకునేముందు డాక్టరును ఈ ప్రశ్నలు అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి.

* శుక్లం కాక కంట్లో ఇంకేదైనా జబ్బు ఉందా? రెటీనా, కంటినరం ఎలా ఉన్నాయి?
* ఈ లెన్స్ వేస్తే ఏ దూరం కళ్లద్దం లేకుండా కనిపిస్తుంది? దేనికి కళ్లద్దం కావాలి?
* సిలిండర్ పవర్ ఎంత ఉంది? టోరిక్ అవసరమంటే ఎందుకు?
* రాత్రి పూట చూపు ఎలా ఉంటుంది?
* చెప్పిన మొత్తంలో లెన్స్ ధర ఎంత? మందులు, పరీక్షలు, మళ్లీ మళ్లీ చూపించుకోవడం అందులోనే ఉన్నాయా?

ఐఓఎల్‌గా పిలిచే ఈ లెన్సులను కేంద్ర ప్రభుత్వం 2005లోనే ఔషధాల నిబంధనల పరిధిలోకి తెచ్చింది. లెన్స్ పెట్టె మీద కంపెనీ, మోడల్, పవర్, సీరియల్ నంబరు, గరిష్ఠ ధర ఉంటాయి. పెట్టెలోని స్టిక్కరును డిశ్చార్జి కాగితం మీద అతికించి ఇమ్మని అడగండి. రేపు ఇంకో డాక్టరు చూడాల్సి వచ్చినా, రెండో కంటికి చేయించాల్సి వచ్చినా ఆ చిన్న కాగితమే ఆధారం. ఆరోగ్య బీమా ఉంటే ముందే పాలసీ చదవండి. చాలా పాలసీల్లో శుక్లం ఆపరేషన్‌కు ఇంతే ఇస్తామన్న పరిమితి ఉంటుంది. మొదటి రెండేళ్లూ వర్తించని పాలసీలూ ఉన్నాయి.

రెండు కళ్లకూ శుక్లం ఉంటే తొందరపడి ఒకే నిర్ణయం తీసుకోనక్కర్లేదు. మొదటి కన్ను కుదురుకున్నాక ఏది బాగుంది, ఏది ఇబ్బందిగా ఉంది అని పెద్దవాళ్లనే అడిగి రెండో కంటి సంగతి చూడవచ్చు. ఆపరేషన్ తర్వాత కంట్లో నొప్పి పెరిగినా, ఎర్రబడినా, వచ్చిన చూపు తగ్గినా తెల్లారేదాకా ఆగకుండా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. చుక్కల మందు చెప్పినన్ని వారాలూ వేయాలి. కళ్లు బాగున్నాయి కదా అని మధ్యలో మానేయకూడదు.

చివరగా ఫోన్లో మాట్లాడే కొడుకులకూ, కూతుళ్లకూ ఒక మాట. డబ్బు పంపే ముందు ఒక్కరోజు అమ్మతోనో నాన్నతోనో తీరిగ్గా మాట్లాడండి. "పొద్దున్నుంచి ఏం చేస్తున్నావ్? ఏది కనబడక కష్టపడుతున్నావ్?" అని అడగండి. ఒకావిడ బైబిల్లో చిన్న అక్షరాలు కనబడటం లేదనవచ్చు. ఒకాయన కాలవ దాటే బల్లకట్టు ఆనడం లేదనవచ్చు. ఇంకొకావిడ వీడియో కాల్‌లో మనవరాలి ముఖం మసగ్గా ఉందనవచ్చు. ఆ జవాబును ఒక కాగితం మీద రాసి డాక్టరుకు ఇవ్వండి. రేట్ల కాగితం చూసి తీసుకునే నిర్ణయం కంటే ఆ కాగితం చూసి తీసుకునేది మీ ఇంటి పెద్దల కళ్లకు బాగా నప్పుతుంది.